కథ ఎవరు చెప్తున్నరో ముందు తేల్చుకో, బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నువ్వు కథ రాసి పోటీకి పంపుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. పత్తి అమ్మవోయిన రైతు కథట, పదేండ్ల కొడుకే చెప్తడట. మస్తు సంబురమైంది. "కొడుకే చెప్తడు" అన్న కాడ మాత్రం భయమైంది. అందుకే ఈ ఉత్తరం.

పేజీల లెక్క, అచ్చు తప్పులు, హామీపత్రం నువ్వే చూసుకుంటవు. కథకు పేరు ఆఖర్న పెట్టినా నడుస్తది. చెప్పేటోడు ఎవరన్నది మాత్రం మొదటి వాక్యం కంటె ముందే తేలాలె.

"నేను" అని రాసుడు అల్కగ కనిపిస్తది. ఆ నేను చూడనిది, విననిది, వానికి ఎవ్వరూ చెప్పనిది కథల రావద్దు. కొత్తగ రాసేటోళ్ళ కథలు చానా మటుకు చెడేది ఇక్కడనే. నీ కథనే తీసుకో. జిన్నింగు మిల్లు గేటుముందట, సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ కేంద్రం కాడ, పత్తి ట్రాలీ ఆగింది. తేమ చూసే మిషన్ పత్తిల గుచ్చిన్రు. పిల్లగాడు ఇట్ల చెప్తున్నడనుకో: "తేమ ఎక్కువున్నదని ధర కోసిన్రు. అప్పు యాదికొచ్చి బాపు లోపల్లోపల కుమిలిపోయిండు." రెండూ దొంగ వాక్యాలే. తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆ పైన కోత, 12 దాటితే కొనరు. ఇది నీకెరుక, ఆ పోరనికి ఎరుక లేదు. వానికి మిషన్ మీద అంకె కనిపిస్తది, అది చదివినాయన మొఖం కనిపిస్తది. బాపు లోపల ఏమున్నదో యాడ కనిపిస్తది?

ఇట్ల రాసి చూడు (తక్‌పట్టీ అంటే తూకం, ధర రాసిచ్చే చీటీ): "బాపు తక్‌పట్టీని నాలుగు మడతలు పెట్టి రొండిల దోపుకున్నడు. గేటు దాటంగనే మల్ల తీసి చూసిండు. మిర్చి బజ్జీలు కొనిస్తనన్న ముచ్చటే మర్చిపోయిండు." కుమిలిపోయిండన్న మాట లేదు, అయినా చదివేటోనికి తెలుస్తది. పిల్లగాడు బజ్జీల కోసం అలిగితే ఇంకా మంచిది. వానికి అర్థం కానిది మనకు అర్థం కావాలనే గద పిల్లలతోని కథ చెప్పిచ్చేది! తండ్రి మీద జాలి ఎక్కడ పుట్టదోనని తొందరపడి, రాసేటోళ్ళు నడుమల దూరి చెప్పేస్తరు. నువ్వు దూరకు.

అప్పు సంగతి రావాల్నంటే రాత్రి అమ్మ పక్కింటామెతోని చెప్తుంటే వాడు వినాలె. అప్పుడు "షావుకారు ఇంటికొచ్చిండట" అని రాయి. నువ్వు చిన్నగున్నప్పుడు మేడారం పోయొచ్చి ముచ్చట చెప్తుంటే, చూసినదానికి "ఉండె" అనేటిదానివి, విన్నదానికి "అట" అనేటిదానివి. ఒక్కపారి గూడ కలగలపకపోతుంటివి. గంత తెలివిగల్ల పిల్ల కాయితం మీదికొచ్చేసరికి ఆ "అట" ఎందుకు మరువాలె?

వాడే పెద్దగై, ముప్పై ఏండ్ల తర్వాత చెప్తున్నడనుకో. అప్పుడు తేమ లెక్క చెప్పొచ్చు, బాపు మనసు గురించి తన ఊహా చెప్పొచ్చు. గని పెద్దమనిషి గొంతు మొదటి పేరాలనే వినపడాలె. నాలుగు పేజీలు పిల్లగాడై ఉండి, ఐదో పేజీల హఠాత్తుగ జ్ఞాని కావద్దు.

"నేను" వద్దనుకుంటే ప్రథమ పురుషల, అంటే "వాడు", "ఆమె" అని రాయి, అదీ ఒక్కరి పక్కన నిలవడి. ఆ రైతును కోడలు చూస్తే "ఆయన", షావుకారు చూస్తే "వాడు". ఒకే సీన్ల "ఆయన" పోయి "వాడు" వచ్చిందంటే నువ్వు ఎరుకలేకుంట ఇంకొకరి కండ్లల్లకు దుంకినవన్నట్టు. "ఇంటికి వచ్చిండు" అంటే చెప్పేటోడు ఇంట్ల ఉన్నడు, "ఇంటికి పోయిండు" అంటే బయట ఉన్నడు. ఇవి గూడ చూసుకో.

అందరి మనసులూ చెప్పొచ్చు గదా అంటవు. ఐనవోలు జాతరల ఒగ్గుకథ చెప్పేటాయన అట్లనే చెప్తడు. ఆయన ఒక మనిషి కాడికెల్లి ఇంకో మనిషి కాడికి మారినప్పుడల్లా డోలు మారుతది, గొంతు మారుతది, నిలవడే తీరు మారుతది. కాయితం మీద డోలు లేదు. పది పేజీల కథకు ఒక్కరి కండ్లు సాలు.

ఇగ నాకు అన్నిటికంటె ఎక్కువ భయమున్నది ఇది. కథల మనుషులు మాట్లాడుకునే మాటలన్నీ మన తెలంగాణల రాసి, నడిమిట్ల కథంతా పేపర్ల భాషల రాస్తరు. అట్ల చెప్పేటోడు ఊర్లెకొచ్చి బండి దిగని చుట్టం లెక్క కనిపిస్తడు. నీ పిల్లగాడు ఆ ఇంటోడే. "తండ్రి నిరాశగా వెనుదిరిగాడు" అని వాడు జన్మల అనడు. పోటీ పెట్టినోళ్ళు ఏమనుకుంటరో అని వాని నోట్ల పరాయి మాట పెట్టకు బిడ్డా, వాడు మూగోడైతడు.

రాసుడైనంక ఎర్రపెన్ను తీసుకొని ప్రతి వాక్యం కాడ ఆగు: "ఇది వానికెట్ల తెలుసు?" జవాబు లేకపోతే గీత కొట్టు. ఆ తర్వాత పైకి చదువు, మీ అమ్మకు వినిపియ్యి.

ఆఖరి తారీఖు ఎప్పుడో చెప్పనే లేదు నువ్వు. వారం ముందుగాల నాకు పంపు. ఫోన్ల ఫొటోలు పంపితే నా కండ్లకు ఆనయి, పెద్దక్షరాలల్ల ప్రింటు తీసి పంపు.

మీ పెద్దబాపు