వాన పడుతుండగా ఒకసారి బాట చూసి రా

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

మీ సైకిల్ క్లబ్బులో కొండ బాటల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. వచ్చే ఆదివారమే ఇరవై మందిని వెంటేసుకుని, పారలూ పలుగులూ పట్టుకుని కొండెక్కుతానని రాశావు. కాస్త ఆగు. ముందు ఒక గట్టి వాన పడనీ. ఉరుములు లేని వాన చూసుకుని, సైకిల్ ఇంట్లో పెట్టి, బాటంతా నడిచి రా. నీళ్లు ఎక్కడ బాటలోకి దిగుతున్నాయో, ఎంత దూరం దాని వెంటే పోతున్నాయో, ఎక్కడ వదిలి బయటికి వెళ్తున్నాయో చూసి రాసుకో. ఎండలో నెల తిరిగినా తెలియని సంగతి ఆ ఒక్క గంటలో తెలుస్తుంది.

టైర్లే బాటను పాడుచేస్తాయని నడిచేవాళ్లు అంటారు. గుర్రాలే పాడుచేస్తాయని మనవాళ్లు అంటారు. చక్రమైనా, బూటైనా, గిట్టైనా మట్టిని కదిలిస్తుంది, ఒప్పుకుందాం. కదిలిన మట్టిని మోసుకుపోయేది మాత్రం నీళ్లే. అవి బాట మీద ఎక్కువసేపు ఉండకుండా పంపేయగలిగితే సగం తగాదాలు ఉండవు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నదే. కుర్రతనంలో మేం కొందరం కొండకొన నుంచి నేరుగా కిందికి ఒక దారి కొట్టాం. దిగుతుంటే గుండె గొంతులోకి వచ్చేది, మాకదే గొప్ప. రెండు వానాకాలాలు తిరిగేసరికి అది మోకాలి లోతు కాలువ అయి కూర్చుంది. రాళ్లు పోసి పూడ్చాం. నీళ్లు రాళ్ల పక్కనుంచి ఇంకో దారి చేసుకున్నాయి. అడ్డంగా దుంగలు పాతాం. ఒక్క సీజన్‌లో వాటి వెనక మట్టి నిండిపోయి నీళ్లు పైనుంచి దూకాయి. చివరికి దాన్ని మూసేసి, కొండ పక్కవాటుగా కొత్త బాట తవ్వాల్సి వచ్చింది. "నీరు పల్లమెరుగు" అని చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణే, పార చేతికి రాగానే మరిచిపోయాను.

బాటలు వేసేవాళ్లకు సగం లెక్క అని ఒకటుంది. కొండ వాలు ఎంత శాతమో, బాట వాలు అందులో సగం దాటకూడదు. కొండ 16 శాతం వాలుతుంటే బాట 8 లోపే ఉండాలి. దాటిందంటే నీళ్లు బాటను అడ్డంగా దాటిపోకుండా దాని వెంటే పరుగు తీస్తాయి. కొండ ఎంత నిటారుగా ఉన్నా, బాట మొత్తం సగటు 10 శాతం మించకపోవడం మంచిది. చదును నేల తేలికని మాత్రం అనుకోకు, అక్కడ నీళ్లకు పోయే చోటే ఉండదు. ఇక బాట మీద తొక్కే నేల పల్లం వైపు 5 శాతం వంగి ఉండాలి, అంటే మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్లు. అంత చిన్న వాలు మన కంటికి సరిగా ఆనదు. నీళ్లకు ఆనుతుంది.

తొక్కగా తొక్కగా బాట మధ్యలో కుంగి, పల్లం వైపు అంచున మట్టి చిన్న గట్టులా లేస్తుంది. నువ్వు ఏటేటా చేయబోయే పనిలో ఎక్కువ భాగం ఈ గట్టును చెక్కేయడమే. చెక్కిన మట్టి బాగుంటే కుంగిన చోట వేసి దిమ్మిసతో కొట్టించు, ఆకూ అలమూ కలిసిందైతే దూరంగా వాలులో చల్లించు. పొడుగ్గా దిగే బాట అక్కడక్కడా కొన్ని అడుగులు పైకి లేచి మళ్లీ దిగేలా చెయ్యి. ఆ ఒంపులో నీళ్లు బయటికి పోతాయి. దుంగలకన్నా ఇదే మేలు, పైగా తొక్కేవాళ్లకు సరదా.

నీకు అసలు టెన్షన్ పెట్టేది తడి బాట మూసే రోజు. చక్రానికి మట్టి అంటుకుంటున్నా, వెనక గాడి పడుతున్నా వెనక్కి తిరగాల్సిందే. "ఒక్క రౌండే కదా అక్కా" అని బతిమాలతారు. ఆ ఒక్క రౌండు గాడి ఎండి గట్టిపడి, తర్వాతి వానకు కాలువ అవుతుంది. అయితే అన్ని నేలలకూ ఒకే రూలు పెట్టకు. ఇసుక నేల వానకు కాస్త బిగుస్తుంది, బంకమట్టి రోజుల తరబడి ఆరదు. ఎక్కడైనా చిన్న మడుగు కనిపిస్తే దాని మధ్యలోంచే పొమ్మను. బట్టలు పాడవుతాయని పక్కనుంచి పోతే, నాలుగు వారాల్లో బాట రెండింతలు వెడల్పవుతుంది.

స్కిడ్ కొట్టే కుర్రాళ్లను తిట్టకు, బ్రేకు పట్టడం నేర్పు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో మొదలైన దిగుడు పందేనికి రీప్యాక్ అని పేరు. ఒక్కసారి దిగేసరికి ఆ పాత సైకిళ్ల వెనక హబ్బు బ్రేకులో గ్రీజు కాలిపోయి, మళ్లీ నింపుకోవాల్సి వచ్చేదట, అందుకే ఆ పేరు. ముందూ వెనకా డిస్క్ బ్రేకులున్న మనవాళ్లకు ఆ సాకు లేదు.

దారి ఇవ్వడం సంగతి నీకు తెలిసిందే. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు, సైకిళ్లవాళ్లు నడిచేవాళ్లకూ గుర్రాలకూ. గుర్రం ఎదురైతే దిగి, పల్లం వైపు నిలబడి, రౌతుతో మాట కలపండి. మాట వింటే ఎదురున్నది మనిషేనని దానికి తెలుస్తుంది. ఇవన్నీ మర్యాద కోసమే అనుకోకు. 1988లో కాలిఫోర్నియా క్లబ్బులు కొన్ని కలిసి ఇంబా అనే కొండ సైకిళ్లవాళ్ల సంఘం పెట్టుకున్నది, సైకిళ్లకు బాటలు మూసేస్తున్నారనే. నీ పనిరోజుకు నడిచేవాళ్లనూ పిలువు. పక్కపక్కన పార పట్టినవాళ్లు మర్నాడు బాట మీద ఎదురైతే అరుచుకోరు.

స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి కాగితం లేకుండా గుప్పెడు మట్టి కూడా తియ్యకు. ఇరవై మంది ఎక్కువ, ఎనిమిది మందితో మొదలుపెట్టు. పనిముట్టు పట్టుకున్న ఇద్దరి మధ్య కనీసం 3 మీటర్లు ఎడం ఉండాలి. కబుర్లలో పడి దగ్గరికి జరుగుతుంటారు, అది నువ్వే చూసుకోవాలి. కొమ్మ కొడితే మొద్దు వదలకుండా మానుకు దగ్గరగా కొట్టించు, లేకపోతే ఎవరి భుజమో గీరుకుంటుంది.

వాన వెలిశాక నీ కాగితం ఫోటో తీసి పంపు. నీళ్లు వదిలి వెళ్లే చోట్లకన్నా లోపలికి దిగే చోట్లు ఎక్కువుంటే ఫోన్ చెయ్యి, ఎక్కడ ముందు తవ్వాలో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి