పులగానికి నీళ్ళే ప్రాణం

చిన్నా,

రాత్రి పని నుంచి వచ్చాక వండుకునే ఓపిక లేక బిస్కెట్లు తిని పడుకుంటున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. అలాంటి రాత్రి పులగం పెట్టుకో నాన్నా. బియ్యం, పెసరపప్పు, కాస్త పోపు సామాను ఉంటే చాలు. కూరగాయలు అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. పైగా ప్రొటీన్‌లో ఒక భాగమైన లైసిన్ బియ్యంలో తక్కువ, పప్పులో బాగా ఉంటుంది కాబట్టి రెండూ కలిపి తింటే ఒంటికి మంచి ప్రొటీన్ అందుతుంది.

చిన్న టీ గ్లాసుతో కొలువు. బియ్యం 1, పప్పు అర, నీళ్ళు 5. ఇన్ని నీళ్ళా అనిపిస్తుంది. అయినా పోసెయ్. అన్నం వండే అలవాటుతో చాలామంది ఇక్కడే చెయ్యి బిగిస్తారు, పులగం గట్టిపడి గొంతు దిగదు.

పప్పు కడగకముందే వేయించాలి. దీన్ని మాత్రం మానకు. మూకుడులో నూనె లేకుండా సన్న సెగ మీద 4, 5 నిమిషాలు కలుపుతూ ఉండు. మొదట ఏ మార్పూ కనిపించదు. కాసేపటికి కమ్మటి వాసన మొదలై గింజల అంచులు ఎర్రబడతాయి. వెంటనే వేరే గిన్నెలోకి తీసెయ్, మూకుడు వేడికే మాడిపోతుంది. ఒకసారి నేను ఫోన్ మాట్లాడుతూ వదిలేశాను. నల్లబడ్డ గింజలు ఏరేసినా చేదు మాత్రం కుక్కరంతా పాకింది.

తర్వాత బియ్యం, పప్పు కలిపి కడిగి, వీలుంటే పావుగంట నానబెట్టు. ఉప్పు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేసి కుక్కర్ పెట్టు. నూనె వేస్తే నురుగు అంతగా పొంగదు. కుక్కర్ సగానికి మించి నింపొద్దు. 4 విజిల్స్ చాలు. ఆకలి మీద ఉన్నా వెయిట్ ఎత్తొద్దు, ఆవిరి దానంతటదే పోవాలి. తొందరపడితే వేడి గంజి ఎగజిమ్మి చేతులు కాలుతాయి.

మూత తీశాక గరిటె వెనకతో మెదుపు. గరిటె పైకెత్తి వంపితే జారాలి, ముద్దగా పడకూడదు. పడితే మరిగే నీళ్ళు పోసి కలుపు. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది కాబట్టి దించేటప్పుడు కాస్త పలచగానే ఉండనీ.

పోపు చివర్లోనే. చెంచాడు నెయ్యి కాగాక జీలకర్ర చిటపటలాడనిచ్చి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, అల్లం, కరివేపాకు, ఇంగువ వేసి, చుయ్యిమంటుండగానే పులగంలో పోసెయ్. నిమ్మరసం కావాలంటే దించాక పిండుకో. పులుపు ముందే పడితే పప్పు త్వరగా మెత్తబడదు.

మిగిలితే 2 గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టు. రాత్రంతా బయట ఉన్నది పొద్దున వేడి చేసుకుని తినకు. అన్నంలో కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, బయట ఉంటే పెరుగుతాయి. అవి వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

ఆదివారం తీరిగ్గా ఒకసారి వండి ఫోన్ చెయ్. గరిటె నుంచి ఎలా జారిందో చెప్పు, నీ కుక్కర్‌కి నీళ్ళు ఎన్ని పట్టాలో చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ