సర్వే నంబరు తేదీగా మారకుండా

ప్రశ్న: మా కొబ్బరి రైతుల వివరాల పట్టికను వర్డ్ నుండి ఎక్సెల్‌లో అతికిస్తే 12/3 అనే సర్వే నంబరు తేదీగా మారుతోంది, ఒక్కొక్కరి చిరునామా మూడు వరుసలుగా విడిపోతోంది. ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: పొలం కాగితాలకు సంబంధించిన అంకె కనుక మొదటిది చాలా ముఖ్యం. ఎక్సెల్ 12/3ను తేదీగా భావించి, లోపల ఐదంకెల సంఖ్యగా నిల్వ చేసుకుంటుంది కాబట్టి, తరువాత ఆ గడికి టెక్స్ట్ రూపం ఇచ్చినా ఆ సంఖ్యే కనిపిస్తుంది తప్ప మీ సర్వే నంబరు తిరిగి రాదు. అందువల్ల ఖాళీ షీటులోని గడులన్నిటికీ ముందే టెక్స్ట్ రూపం ఇచ్చి, ఆపైన పేస్ట్ స్పెషల్‌లో టెక్స్ట్‌ను ఎంచుకుని అతికించండి. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లు కూడా ఇలాగే నిలుస్తాయి.

చిరునామా చీలడానికి కారణం గడి లోపల నొక్కిన ఎంటర్. కాపీ చేసే ముందు వర్డ్‌లోనే పట్టికను ఎంచుకుని, రీప్లేస్‌లోని స్పెషల్ జాబితా నుండి పేరాగ్రాఫ్ మార్క్‌ను తీసుకుని, దాని స్థానంలో | అనే నిలువు గీతను పెట్టించండి. చిరునామా చివరి నిలువు వరుసలో ఉంటే, ఎక్సెల్‌లోని టెక్స్ట్ టు కాలమ్స్ ఆ గీత దగ్గర విడగొట్టి ఊరు, మండలం, పిన్‌కోడ్‌లను వేర్వేరు గడులలో ఉంచుతుంది. రేపు డేటాబేస్‌కు మార్చడానికి కావలసిన అమరిక కూడా అదే.