ప్రార్థించినా పరిస్థితి మారకపోతే విశ్వాసం లేనట్టేనా?

ఎనిమిది నెలలుగా ప్రార్థిస్తున్నా ఇంట్లోని కష్టం అలాగే ఉందనీ, విశ్వాసం ఉన్నవారికి ఇలా జరగదని తోటి విశ్వాసి ఒకరు అన్న మాట మనసులో ముల్లులా దిగిపోయిందనీ, క్రైస్తవ విశ్వాసాన్ని ఆధారం చేసుకుని బతకడమంటే ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పాలనీ మీరు అడిగారు. నేను వేదాంతం చదువుకున్న మనిషిని కాను. అయితే ఇదే ప్రశ్నను కొన్నేళ్ల కిందట ఆసుపత్రి వరండాలో కూర్చుని నన్ను నేను వేసుకున్నాను కాబట్టి, నాకు జరిగినదాన్ని బట్టి జవాబు చెబుతాను.

మావారికి నలభై ఆరో ఏట పక్షవాతం వచ్చింది. మెదడుకు ఎడమవైపు రక్తనాళం మూసుకుపోవడంతో కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. అంతకన్నా మమ్మల్ని కుంగదీసింది మాట పోవడం. ఎదుటివారు చెప్పేది ఆయనకు చాలావరకు అర్థమయ్యేది, తాను చెప్పదలచుకున్నదీ తెలిసేది, కాని నోరు తెరిస్తే ఏదో ఒక అక్షరం మాత్రమే పదేపదే వచ్చేది. దీన్ని అఫేజియా అంటారు. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు, "టాన్" అనే శబ్దం తప్ప దాదాపు మరేమీ పలకలేని ఒక రోగి ద్వారా, మాటకు మెదడు ముందు భాగంతో ఉన్న సంబంధాన్ని గుర్తించాడని స్పీచ్ థెరపిస్టు మాకు ఓపికగా వివరించారు. నా పేరు పలకబోయి, పలకలేక, ఆయన ఎడమ అరచేత్తో మంచం పట్టెను కొట్టుకుంటున్నప్పుడు మాత్రం ఆ వివరం నాకు ఏ విధంగానూ ఊరట కాలేదు.

మొదటి రెండు నెలలు నేను చేసింది ప్రార్థన అనడం కన్నా బేరం అనడం సబబు. ఆయన మాట తిరిగి ఇస్తే నేను ఫలానాది చేస్తాను, ఫలానాది మానేస్తాను అని మొక్కుకునేదాన్ని. ఆ రోజుల్లోనే మా చర్చి సంఘంలోని ఒకరు మా ఇంటికి వచ్చి, ఒప్పుకోని పాపం ఏదో ఇంట్లో అడ్డుగా ఉండి ఉంటుందనీ, నిజమైన విశ్వాసంతో అడిగితే ఆయన ఈపాటికి లేచి మాట్లాడేవారనీ చెప్పి వెళ్లారు. మంచి మనసుతోనే అన్నారని ఇప్పుడు అనుకోగలుగుతున్నాను. కాని ఆ తరువాత చాలా రాత్రులు నిద్ర మానుకుని, పాత చిట్టాపద్దులు తిరగేసినట్టు నా జీవితమంతా తిరగేశాను. ఏ అబద్ధానికి ఇది శిక్ష, ఎవరిమీది కోపానికి ఇది ఫలితం అని వెతుక్కున్నాను. జబ్బు మనిషికి సేవ చేయడానికి ఉండవలసిన సత్తువంతా ఆ వెతుకులాటకే ఖర్చయింది.

మీకు గుచ్చుకున్న మాట కూడా ఇలాంటిదే కాబట్టి, ఆ మాటకు బైబిలులో ఆధారం ఎంతుందో ముందు చూడండి. బిడ్డలనూ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి అతని స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు విప్పిన దగ్గరనుంచి నీ పాపమే కారణమని వాదిస్తూ పోయారు. నలభై రెండు అధ్యాయాల ఆ గ్రంథం చివర దేవుడు కోపించినది, తనను నిలదీసిన యోబు మీద కాదు, తన పక్షాన మాట్లాడుతున్నామనుకున్న ఆ స్నేహితుల మీద. అపొస్తలుడైన పౌలు, తన శరీరంలోని ముల్లు అని తాను పిలుచుకున్న బాధను తొలగించమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది గాని ముల్లు పోలేదు. పౌలుకు విశ్వాసం కొరవడిందని అనే సాహసం ఎవరికుంది? గెత్సేమనే తోటలో యేసు కూడా తనకు రాబోయే శ్రమ అనే గిన్నె తననుండి తొలగిపోవాలని ప్రార్థించాడు, గిన్నె తొలగలేదు. ఇవన్నీ నాకు చిన్నప్పటినుంచి తెలిసిన వాక్యాలే. అయినా మన కూడికల్లో సాక్ష్యం చెప్పడానికి లేచేది సాధారణంగా గెలిచినవారే కావడం వల్ల, జవాబు రాని ప్రార్థన మన ఒక్కరికే జరిగిన వింత అనిపిస్తుంది. ఇంకా బాగుపడని మనిషికి కూడా ఆ వేదిక మీద ఐదు నిమిషాలు ఇవ్వాలని నా అభిప్రాయం.

నన్ను నిలబెట్టినది వాదన కాదు. మా సంఘంలోనే వయసులో నాకన్నా పెద్దావిడ ఒకరున్నారు, నేను అక్కా అని పిలుస్తాను. ఆమె ఒక సాయంత్రం వచ్చి, నేను ఏమీ మాట్లాడకపోతే తానూ ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చుని, వెళ్లే ముందు బైబిలు తెరిచి పదమూడో కీర్తన నా ముందు పెట్టారు. ఆ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే. మొదటి రెండింటిలో దావీదు నన్ను ఎంతకాలం మరచిపోతావు, ఎంతకాలం ముఖం దాచుకుంటావు అని దేవుణ్ణి నిలదీస్తాడు. తరువాతి రెండింటిలో నా కన్నులకు వెలుగివ్వు అని అడుగుతాడు. చివరి రెండింటిలో నీ కృపను నమ్ముకున్నాను, పాడతాను అంటాడు. ఆ చివరి రెండూ చదవబోతే నా గొంతు పెగలలేదు, చదివితే అబద్ధం చెప్పినట్టు అవుతుందని అక్కతో అన్నాను. "అయితే నాలుగు వచనాలు నువ్వు చదువమ్మా, మిగతా రెండూ నేను చదువుతాను" అన్నారు ఆమె.

ఆ మాటతో నాకు విశ్వాసం గురించి ఉన్న లెక్క మారింది. విశ్వాసమంతా నేనొక్కదాన్నే, నా గుండె బలంతోనే, ఒక్క క్షణం కూడా వదలకుండా మోయాలని అప్పటిదాకా అనుకున్నాను. నూటయాభై కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. ఎనభై ఎనిమిదో కీర్తనైతే ఏ ఊరటా లేకుండా, చీకటి అన్న మాటతోనే ముగిసిపోతుంది. అలాంటి కీర్తనను కూడా తీసివేయకుండా ఆరాధన పుస్తకంలో ఉంచారంటే, ఆ స్థితిలో ఉన్నవాడు కూడా ఆరాధిస్తున్నట్టే లెక్క అని నేను అర్థం చేసుకున్నాను. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని మొరపెట్టిన తండ్రిని కూడా యేసు వెనక్కి పంపలేదు, అతని కొడుకును బాగుచేశాడు. అంటే అరకొర నమ్మకంతో రావడానికి అభ్యంతరం లేదు.

అక్క చేసిన రెండో సాయం వారానికి రెండు రాత్రులు మావారి దగ్గర తాను మేలుకుని నన్ను నిద్రపొమ్మనడం. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి ఉపదేశం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. ఆ తరువాతే ప్రయాణం, ఆ తరువాతే దేవుని స్వరం. మీరు సరిగా తిని, నిద్రపోయి ఎన్నాళ్లయిందో రాయలేదు గాని, ఆ సంగతి కూడా మీ ప్రశ్నలో భాగమేనని నా అనుమానం. ఆ ఏడాది నాకు గుండెదడ, కారణం లేని భయం పట్టుకున్నప్పుడు డాక్టరు రాసిన మందులు కొన్ని నెలలు వాడాను. అదీ అవిశ్వాసమేనన్నవారు ఉన్నారు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడేనని మాత్రం వారికి చెప్పాను. బతకాలని లేదన్న ఆలోచన మీకు ఎప్పుడైనా వస్తే, ప్రార్థన మానకుండానే, ఆ రోజే డాక్టరును కలవండి. ఇంట్లో ఒకరికి ఆ మాట పైకి చెప్పండి.

ఇక ఒక ఆదివారం జరిగిన సంగతి. మూడో నెల అనుకుంటాను, సంఘంనుంచి నలుగురు వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టారు. "పరలోకమందున్న మా తండ్రీ" దగ్గర నాకు ఐదో గొంతు వినిపించింది. మొద్దుబారిన గొంతు, అక్షరాలు కొంచెం పక్కకు జారుతున్నాయి, కాని "నీ నామము పరిశుద్ధపరచబడుగాక" అని పూర్తిగా వచ్చింది. నా పేరు పలకలేని మనిషి అంత పొడవాటి మాట పలికాడు. అందరూ ఆగిపోయారు, ఆయనా ఆగిపోయి మాకేసి భయంగా చూశారు. అక్క ఒక్కరే ఆగకుండా తరువాతి మాట అందుకోగానే, ఆయన కూడా ఆమె వెంట చివరిదాకా వెళ్లారు.

మరునాడు అద్భుతం జరిగిందని థెరపిస్టుకు చెప్పాను. ఆవిడ నవ్వి, ఇది తమకు తెలిసిన విషయమేనన్నారు. కంఠతా వచ్చిన ప్రార్థనలు, పాటలు, అంకెల వరస సొంతంగా కూర్చుకునే మాటలకన్నా వేరుగా మెదడులో నిలుస్తాయనీ, అందుకే అఫేజియా వచ్చినవారిలో చాలామందికి అవి మిగులుతాయనీ, 1970లలోనే రాగం ఆధారంగా మాట నేర్పే చికిత్సను రూపొందించారనీ వివరించారు. నేను నిరుత్సాహపడతానని ఆవిడ అనుకున్నట్టుంది. ఆ వివరణ నాకు అద్భుతంకన్నా ఎక్కువగా నచ్చింది. నలభై ఏళ్లుగా, చాలాసార్లు ఆలోచించకుండానే, ఆదివారం తరువాత ఆదివారం పెదవులతో చెప్పుకున్న మాటలు, తక్కినవన్నీ పోయిన రోజున ఆయనలో మిగిలాయి. యాంత్రికంగా ప్రార్థిస్తున్నానని మీరు బాధపడుతున్నట్టు రాశారు కాబట్టి ఈ సంగతి ఇంత వివరంగా చెప్పాను. మనసు లగ్నం కాకపోయినా మానకండి.

శూన్యంగా అనిపించడం ఒక దశ అనీ, తొందరలోనే దాటిపోతుందనీ మీకు హామీ ఇవ్వలేను. మదర్ తెరెసా 1997లో మరణించాక, 2007లో అచ్చయిన ఆమె ఉత్తరాల వల్ల, దాదాపు యాభై ఏళ్లపాటు ఆమె దేవుని సన్నిధి అనుభవానికి రాకుండానే ప్రార్థించిందనీ, సేవ చేసిందనీ లోకానికి తెలిసింది. అది చదివి చాలామంది నొచ్చుకున్నారు, నాకు మాత్రం తోడు దొరికినట్టయింది.

మావారు ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతారు. కుడి చెయ్యి పూర్తిగా రాలేదు, పాత ఉద్యోగానికి వెళ్లే మాట లేదు. రాత్రి పడుకోబోయే ముందు పదమూడో కీర్తన చదువుకోవడం అలవాటైంది. నాలుగు వచనాలు నేను చదువుతాను. చివరి రెండూ కొన్ని రాత్రులు ఇప్పటికీ నాకు రావు. అలాంటప్పుడు ఆయన నాకోసం కాసేపు చూసి, ఎడమ చేత్తో పుస్తకం తనవైపు లాక్కుని, ఒక్కొక్క మాట మీదా వేలు ఆనించి, తడబడుతూ తనే చదువుతారు.