రోజుకు 200 రూపాయలతో అయిదుగురి వంట: మా ఇంటి లెక్క

మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఇంట్లో మీరు, మీవారు, అత్తగారు, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు ఉన్నారు. గ్యాసు ఖర్చు కాక తిండికి రోజుకు 200 రూపాయలకు మించి పెట్టలేరు. అన్నానికి లోటు లేకపోయినా పిల్లలు నీరసంగా ఉంటున్నారు, చిన్నవాడు పప్పు ముట్టడు. ఈ డబ్బుతో బలమైన తిండి పెట్టడం సాధ్యమేనా అని మీ సందేహం. మాదీ అయిదుగురి ఇల్లే. మాది కోనసీమలో వైనతేయ గోదావరి గట్టుకు దగ్గరలో ఉన్న ఊరు. మా వారు కొబ్బరి దింపు పనికి వెళతారు, నేను ఇంట్లో మిషను కుడతాను. సాధ్యమేనని నా అనుభవం మీద చెప్పగలను. అయితే రోజు డబ్బును రోజే ఖర్చు పెట్టే పద్ధతి మానుకున్న తరువాతే అది మాకు సాధ్యమైంది.

మొదట మేము చేసిన తప్పు చెబుతాను. కూలి ఏ రోజుకా రోజు చేతికి వస్తుంది కనుక, సాయంత్రం కొట్టుకు వెళ్ళి పది రూపాయల నూనె పొట్లం, వంద గ్రాముల కందిపప్పు, అయిదు రూపాయల చింతపండు తెచ్చుకునేవాళ్ళం. వాన పడి దింపు లేని రోజున అదే కొట్టులో ఖాతా రాయించేవాళ్ళం. కిలో 140 రూపాయలకు దొరికే కందిపప్పు వంద గ్రాముల చొప్పున కొంటే 20 రూపాయలు పడుతుంది, అంటే కిలోకు 60 రూపాయలు ఎక్కువ ఇస్తున్నామన్నమాట. ఖాతా ఉన్న కొట్టులో ధర గురించి నోరెత్తలేము, తూకం గురించి అసలే ఎత్తలేము. ఆ ఖర్చు తగ్గించుకోవాలని నేను పప్పు రెండు రోజులకు ఒకసారి వండడం, పాలు టీ వరకే వాడడం మొదలుపెట్టాను. అన్నం ఎక్కువ వండి, మాగాయతోనూ పల్చటి చారుతోనూ కడుపులు నింపాను. 2019లో బడిలో వైద్య పరీక్షలు చేసినప్పుడు మా పెద్దమ్మాయికి హిమోగ్లోబిన్ 8.4 మాత్రమే ఉందని, అంటే రక్తం బాగా తక్కువగా ఉందని తేలింది. పిల్ల మూడు పూటలా తింటూనే ఉంది కదా అని ఆ రోజు నేను వాదించాను కూడా.

వాళ్ళిచ్చిన ఇనుము మాత్రలు వాడించాము. మాత్రలు లేకుండా తిండితోనే కోలుకుందని నేను చెప్పను. మీ పిల్లలు నీరసంగా ఉన్నారంటున్నారు కాబట్టి మీరూ ముందు ఆ రక్త పరీక్ష చేయించండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు తీసుకోరు. ఆ తరువాతే వంటింటి సంగతి.

ఇప్పుడు లెక్క చెబుతాను. రోజుకు 200 అంటే నెలకు 6000. ఇందులో రోజూ కొనక తప్పనివి రెండే: అర లీటరు పాలు, ఆ పూట కూర. మాకు పాలకు 30, కూరగాయలకు సగటున 45 అవుతాయి. మిగిలిన 125 రూపాయలు మా వారు ఇంటికి రాగానే మూత ఉన్న స్టీలు డబ్బాలో వేస్తాను. నెలాఖరుకు ఆ డబ్బాలో 3750 ఉండాలి. అందులోంచి బయట కొనే బియ్యం 15 కిలోలకు 650, అన్ని రకాల పప్పులూ కలిపి ఏడున్నర కిలోలకు 900, నూనె మూడు లీటర్లకు 450, గుడ్లు అరవైకి 400, చేపలకు 600, చింతపండు, మిరపకాయలు, ఉప్పు, బెల్లం, టీ పొడి వగైరాలకు 550 పోతాయి. ఇక మిగిలే 200 వానాకాలం కోసం దాచుకుంటాను. ఇవి మా ఊరి ధరలు. నెలకోసారి అటూ ఇటూ అవుతుంటాయి కనుక అంకెలను పట్టుకోకుండా వాటా ఎంతన్నది చూడండి.

ఒక్కసారి నెల సరుకులు కొనడానికి చేతిలో డబ్బు ఎక్కడిదని మీరు అడుగుతారు. మాకూ లేదు. మొదటి నెలలో నూనె ఒక్కటే నెలకు సరిపడా కొన్నాము, మిగతావి పాత పద్ధతిలోనే సాగాయి. నూనె పొట్లాల మీద ఆదా అయిన దానికి కొంత కలిపి రెండో నెలలో పప్పులు కొన్నాము. ఖాతా తీర్చి బయటపడడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈ లెక్కలో పప్పులకు బియ్యం కన్నా ఎక్కువ డబ్బు పెట్టడం మా అత్తగారికి మొదట్లో వింతగా తోచింది. ఇంట్లో బియ్యముంటే చాలన్నది మన వైపు పెద్దల నమ్మకం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషి తినవలసిన ధాన్యం 250 గ్రాములు. పప్పులు గాని, వాటికి బదులుగా గుడ్లు, మాంసం, చేపలు గాని 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. కాయకష్టం చేసేవారికి ఇంతకన్నా ఎక్కువ కావాలి, అది వేరే సంగతి. మా ఇంట్లో అప్పట్లో రోజుకు రెండు కిలోల బియ్యం ఉడికేది, అంటే చిన్నవాడిని కూడా కలుపుకొని తలకు 400 గ్రాములు. ఇప్పుడు నెలకు 40 కిలోలతో సరిపెడుతున్నాము. పప్పు తలకు రోజుకు 50 గ్రాములు వస్తోంది, గుడ్లూ చేపలూ కలిస్తే ఆ 85కు చేరువలోకి వెళుతున్నాము. కూరగాయల లెక్క మాత్రం ఇప్పటికీ అందుకోలేకపోతున్నాను.

ఆ 40 కిలోలలో 25 కిలోలు రేషన్ బియ్యమే. కార్డులో ఉన్న ఒక్కొక్కరికి 5 కిలోలు 2023 జనవరి నుంచి ఉచితంగానే ఇస్తున్నారు. వాటిని అమ్మేసి సన్నబియ్యం కొనుక్కునే ఇళ్ళు మా వీధిలో చాలా ఉన్నాయి. రెండు వందల లెక్కలో బతికే ఇంటికి అంతకు మించిన నష్టం లేదని నా అభిప్రాయం. ఆ బియ్యంలో అక్కడక్కడ కనిపించే తెల్లటి, కొంచెం తేడాగా ఉండే గింజలను ప్లాస్టిక్ బియ్యమని మా అత్తగారు చాలా కాలం చేటలో ఏరి పారేశారు. అవి బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి గింజల ఆకారంలో చేసినవి, వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపేవారు. రక్తం తక్కువైన పిల్ల ఇంట్లో ఉండగా మేము ఏరి పారేసినవి సరిగ్గా ఆమెకు కావలసిన గింజలే! బియ్యం నాలుగైదు నీళ్ళు కడగడం, వార్చి గంజి పారబోయడం కూడా అలాంటి నష్టమే కాబట్టి ఇప్పుడు నేను అత్తెసరు పెడతాను. అలవాటుకొద్దీ వార్చినా గంజి దాచి, రాత్రి మిగిలిన అన్నంలో పోసి పొద్దున్నే ఉల్లిపాయ, మజ్జిగతో పెడతాను.

చేపల విషయంలో మాత్రం డెల్టాలో పుట్టిన మనం అదృష్టవంతులం. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మన వైపు సామెత. పుస్తెలమ్మితే మరునాడు ఏమి తింటారో చెప్పిన వాళ్ళు లేరని మా అత్తగారు అంటూ ఉంటారు. పులస, కొరమేను, చందువ మా లెక్కలో లేవు. దీపావళి తరువాత వచ్చే చీరమేను కూడా చెయ్యి దాటిపోయింది. ఆదివారం చెరువు చేపలైన శీలావతి, బొచ్చె కిలో తెచ్చినా, సముద్రపు కవళ్ళు తెచ్చినా నూట పది, నూట ఇరవైలో వస్తాయి. పొద్దున పది గంటల తరువాత, అమ్మే ఆమె ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నప్పుడు ఇంకా తక్కువకు ఇస్తుంది, కాని చెవుల (మొప్పల) కింద ఎర్రగా ఉన్నదీ లేనిదీ చూసుకునే తీసుకోవాలి. చిన్న పరిగెలు దొరికితే నేను వాటికే మొగ్గు చూపుతాను. ముళ్ళతో సహా నమిలే చేపలో పిల్లల ఎముకలకు కావలసిన సున్నం (కాల్షియం) ఉంటుంది. వాటిని చింతపండు పులుసులో సన్న సెగ మీద బాగా మగ్గనిస్తే ముల్లు మెత్తబడుతుంది. పులుసు రెండో రోజుకు ఇంకా బాగుంటుంది కనుక కిలో చేప రెండు పూటలకు వస్తుంది. ఇక ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు నెలకు 160 రూపాయల మేర కొని సీసాలో పెట్టుకుంటాను. గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తే ఆనపకాయ గాని, గోంగూర గాని, వంకాయ గాని అందరూ అడిగి వేయించుకునే కూర అవుతుంది. వాటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి వేడినీళ్ళలో కడిగి వండండి, మీ అత్తగారికి రక్తపోటు ఉంటే ఆమెకు వేరే కూర ఉంచండి.

కూరగాయలకు 45 రూపాయలు ఏ మూలకు సరిపోతాయని అనుకోవద్దు. కార్తీకం నుంచి మాఘం దాకా గోదావరి మధ్యలోని లంకల నుంచి చిక్కుడుకాయ, వంకాయ, టమాటా, ముల్లంగి దండిగా దిగుతాయి. అప్పుడు ముప్పై రూపాయలకే సంచి సగం నిండుతుంది, మిగిలిన పదిహేను నేను డబ్బాలోనే వేస్తాను. ఎండాకాలంలో మామిడికాయ, దోసకాయ, ములక్కాడలు పప్పులోకి సరిపోతాయి. కష్టమంతా ఆషాఢ, శ్రావణాలదే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక తోటలన్నీ మునిగిపోయి, దింపు పని కూడా లేక, కూరగాయల బండి వైపు చూడడానికే భయం వేసింది. ఆ మూడు వారాలూ ఇంట్లో నిల్వ ఉన్న పెసలు, బొబ్బర్లు, ఎండు రొయ్యలు, దొడ్లో తవ్విన కంద మమ్మల్ని దాటించాయి. కొబ్బరి చెట్ల నీడలో కంద, బచ్చలి ఊరికే వస్తాయి కాబట్టి రెండడుగుల నేల ఉన్నా వేసుకోండి. కందబచ్చలి కూర పెళ్ళిళ్ళలో వండే కూర కనుక ఇంట్లో ఎవరికీ పేదతనం గుర్తుకు రాదు. గెల కొట్టాక పడేసే అరటి బోదెలోని దూటను, అరటి పువ్వును తోటవాళ్ళు అడిగితే కాదనరు. చేతికి నూనె రాసుకుని ఆ పువ్వు ఒలిచే ఓపిక మాత్రం మీకు ఉండాలి. ములగాకు చెట్టు ఎవరి దొడ్లోనైనా ఉంటుంది. గానుగ దగ్గర దొరికే తెలగపిండితో కలిపి వండితే పిల్లలు చేదని అనరు. ఆకుకూర వండిన రోజు చివర్లో నిమ్మకాయ పిండండి, అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉంటే గంట ఆగండి. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి పులుపు సాయపడుతుంది, టీ అడ్డుపడుతుంది.

మేము తగ్గించినవి ఇవి: నూనెలో వేపుళ్ళు, ప్యాకెట్ చిరుతిళ్ళు, కూల్‌డ్రింకులు, పంచదార. పిల్లలకు సాయంత్రం రావులపాలెం వైపు నుంచి వచ్చే అరటిపండ్లలో మచ్చ పడినవి గాని, వేయించిన వేరుశనగ గుళ్ళు, బెల్లం ముక్క గాని పెడతాను. కోడిమాంసం నెలకు ఒకసారి, అదీ చేపకు బదులుగానే.

మధ్యాహ్నం బడిలో పెట్టే భోజనాన్ని మీ పిల్లలు తింటున్నారో లేదో మీరు రాయలేదు. తినకపోతే తినేలా చూడండి. ఇంటి నుంచి క్యారేజీ పంపడం గౌరవమనుకుని నేను ఒక ఏడాది పంపాను, దానివల్ల పిల్లలకు గుడ్డు, చిక్కీ, రాగిజావ దక్కకుండా పోయాయి. ఆ భోజనానికి ఇప్పుడు పెట్టిన పేరు మా పక్క లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చిన ఎవరికైనా వేళ కాని వేళలో కూడా వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారిది. 1909లో పోయిన ఆ తల్లి గురించి మా అత్తగారు ఇప్పటికీ చూసినట్టే చెబుతారు. సీతమ్మగారి పేరున్న అన్నం తినడానికి నామోషీ ఎందుకని మా అత్తగారే నా చేత క్యారేజీ మాన్పించారు.

చివరగా, పప్పు ముట్టని మీ చిన్నవాడి సంగతి. మావాడూ అంతే, కంచంలో పప్పు కనిపిస్తే కంచం తోసేసేవాడు. వాడికి పప్పును పప్పుగా పెట్టడం మానేశాను. మూడు వంతుల పెసలకు ఒక వంతు బియ్యం నానబెట్టి, గుప్పెడు ములగాకు, పచ్చిమిరప, అల్లం వేసి రుబ్బి పెసరట్టు వేస్తాను. నూకలతో ఉప్పుపిండి చేసినప్పుడు పెసరపప్పు సగానికి సగం వేస్తాను. ఆదివారం మినపపిండిలో బియ్యపు రవ్వ కలిపి దిబ్బరొట్టి కాలుస్తాను. దొడ్లో పనసాకులు దొరికితే వాటిని బుట్టల్లా కుట్టి, అదే పిండి పోసి ఆవిరి మీద పొట్టిక్కలు పెడతాను. ఆ బుట్టలు కుట్టే పని వాడికే అప్పగిస్తాను. తాను కుట్టిన బుట్టలో ఉడికింది గనుక నాలుగు తింటాడు, అందులో ఉన్నది మినపపప్పే అని వాళ్ళ అక్క ఎన్నిసార్లు చెప్పినా ఇంతవరకు నమ్మలేదు.