బరంపురంలో అకౌంట్స్ ఆఫీసు: క్లయింట్ల మెయిల్స్ వాటంతటవే టు-డూ లిస్టులో చేరాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఇటు బరంపురం, పర్లాకిమిడి వ్యాపారులు, అటు ఇచ్ఛాపురం, సోంపేట వ్యాపారులు పంపే మెయిల్స్ జీమెయిల్‌లో ఎక్కడో అడుగున పడిపోతున్నాయి, సబ్జెక్ట్‌లో 'బిల్', 'అర్జెంట్' ఉన్నవాటిని ఏరి టాస్కులుగా మార్చవచ్చా అని. నేనూ బరంపురంలో ఇదే పనిలో ఉన్నాను. మార్చవచ్చు, కానీ సబ్జెక్ట్‌లోని మాటల్ని నమ్ముకోవద్దు.

మన దగ్గర ఒకరు సబ్జెక్ట్ ఒడియాలో రాస్తారు, ఇంకొకరు తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, చాలామంది ఏమీ రాయకుండా బిల్లు ఫోటో పెట్టి పంపేస్తారు. పోనీ జీఎస్టీ నంబరు చూసి విడదీద్దామా అంటే అదీ కుదరదు. ఒడిశా నంబర్లు 21తో, ఆంధ్రవి 37తో మొదలవుతాయి నిజమే, కానీ జీమెయిల్ ఫిల్టర్ (మనం చెప్పిన గుర్తు ఉన్న మెయిల్స్‌ని తనంతట తానే ఏరే ఏర్పాటు) మాట మొత్తం చూస్తుంది తప్ప మొదటి రెండు అంకెలు మాత్రమే పట్టుకోలేదు.

నాకు బాగా అక్కరకొచ్చింది ప్లస్ చిరునామా. మీ జీమెయిల్ పేరు తర్వాత, ఎట్ గుర్తుకు ముందు, ప్లస్ పెట్టి ఏం రాసినా ఆ మెయిల్ మీకే వస్తుంది. కొత్త ఖాతా అక్కర్లేదు. ఒడిశా పార్టీలకు ప్లస్ 21, ఆంధ్ర పార్టీలకు ప్లస్ 37 ఉన్న చిరునామా ఇచ్చి, "ఇక మీదట బిల్లులు దీనికే పంపండి" అని వాట్సాప్‌లో చెప్పండి. తర్వాత కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి (ఫోన్ యాప్‌లో ఫిల్టర్ తయారు చేయడం కుదరదు) 'టు' గడిలో ఆ చిరునామా పెట్టి ఫిల్టర్ చేయండి. ఏ భాషలో రాసినా, అసలేమీ రాయకపోయినా చిక్కుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మీరిచ్చే జవాబు మామూలు చిరునామా నుంచే వెళ్తుంది, దానికి వాళ్ళు తిరిగి రాసింది ఈ ఫిల్టర్‌కు అందదు. అందుకని ముఖ్యమైన క్లయింట్లకు 'ఫ్రమ్' మీద కూడా ఫిల్టర్ పెట్టాలి.

ఇక లిస్టులోకి పంపడం. టు-డూ యాప్‌లైన టోడోయిస్ట్‌లో ప్రతి ప్రాజెక్టుకూ, ట్రెల్లోలో ప్రతి బోర్డుకూ సొంత మెయిల్ చిరునామా ఉంటుంది. ఫిల్టర్ నుంచి అక్కడికి ఫార్వర్డ్ చేస్తే సబ్జెక్ట్ టాస్క్ పేరవుతుంది. ఫార్వర్డింగ్ మొదలుపెట్టేటప్పుడు జీమెయిల్ పంపే ధ్రువీకరణ మెయిల్ ఆ లిస్టులోనే టాస్క్‌గా పడుతుంది, అక్కడ వెతకండి.

నేనైతే క్లయింట్ల లెక్కల్ని ఇంకో కంపెనీ సర్వర్‌కు పంపను. వాళ్ళు మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలవి. అందుకే ఫిల్టర్‌తో ఒక లేబుల్ మాత్రం వేయించి, గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో (జీమెయిల్ లాంటి గూగుల్ సేవలకు ప్రోగ్రాం రాసుకునే చోటు) చిన్న ప్రోగ్రాం పెట్టుకున్నాను. అది పది నిమిషాలకోసారి ఆ లేబుల్ ఉన్న మెయిల్స్ చూసి, గూగుల్ వాళ్ళ టు-డూ లిస్టు అయిన గూగుల్ టాస్క్స్‌లో టాస్క్ చేసి, మెయిల్ లింకు జోడించి, లేబుల్ తీసేస్తుంది. స్క్రిప్ట్‌లో టాస్క్స్ సర్వీసును విడిగా జోడించాలి. టాస్క్ పేరుకు సబ్జెక్ట్ కాకుండా పంపినవారి పేరు పెట్టించండి. పాత మెయిల్‌కే రిప్లై కొట్టి కొత్త నెల బిల్లులు పంపేవాళ్ళు మనకు బోలెడుమంది, సబ్జెక్ట్ చూస్తే ఏ నెలదో తెలియదు.

గడువు తేదీ కూడా ప్రోగ్రామే వేయగలదు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్ళకు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు తర్వాతి నెల 11, జీఎస్‌టీఆర్-3బి (పన్ను లెక్క) గడువు 20. నేను బిల్లుల టాస్కులన్నిటికీ 8వ తేదీ వేయిస్తాను, 11వ తేదీ దాకా ఆగితే టెన్షన్ తప్పదు. గూగుల్ టాస్క్స్‌కు ఇలా ప్రోగ్రాం నుంచి తేదీ మాత్రమే ఇవ్వగలం, గంట ఇవ్వలేం.

జీఎస్టీ నోటీసుల్ని మాత్రం ఈ పద్ధతికి వదలకండి. జవాబుకు గడువు ఎప్పుడో ఆ నోటీసులోనే ఉంటుంది. పోర్టల్‌లో మీరే తెరిచి చదివి, తేదీ మీ చేత్తో వేసుకోండి.