కుట్ల మచ్చ పూర్తిగా పోతుందా?

బెజవాడలో బండి మీద నుంచి పడి గడ్డానికి కుట్లు పడ్డాయి, ఆరు నెలలైనా మచ్చ ఉబ్బెత్తుగా, దురదగా ఉంది, పోయే మార్గం ఉందా అని అడిగారు.

పూర్తిగా చెరిగిపోదండి. కనిపించీ కనిపించనట్టు చేయొచ్చు.

ఉబ్బు గాయం గీతలోనే ఉంటే కాలంతోపాటు కొంత దానంతటదే అణుగుతుంది. గీత దాటి పక్క చర్మంలోకి పాకితే అది కెలాయిడ్. దాన్ని ఉత్తినే కోయిస్తే చాలాసార్లు ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. అందుకే మచ్చలోకే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ 4-6 వారాలకోసారి ఇస్తారు. నొప్పి బాగానే ఉంటుంది, ముందే చెప్తున్నా.

సిలికాన్ షీటైతే రోజుకు 12 గంటలు, కనీసం 2-3 నెలలు అంటించాలి. మే నెల చెమటకి అంచులు లేచిపోతాయి, పైగా మీది గడ్డం. సిలికాన్ జెల్ నయం.

లేజర్ కూడా ఉంది. కానీ మన చామనఛాయకి పవర్ ఎక్కువైతే కొత్తగా నల్లమచ్చ పడుతుంది. ఏది చేయించినా సన్‌స్క్రీన్ తప్పదు.

మెడికల్ షాపువాళ్లు ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబులు మాత్రం ముఖానికి రాయకండి. ఖర్చు గురించి టెన్షనైతే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) చర్మ విభాగం ఓపీలో చూపించుకోండి.